ఆఖరి పెడల్

"బావతో ఒక్క మాట మాట్లాడితే నీ సొమ్మేం పోతుందక్కా?" డ్రమ్ముల మరలు బిగిస్తూ అడిగాడు తమ్ముడు.

"నోరు ఆయనకీ ఉంది," అంది అక్క.

బేస్ గిటార్ తీగలు శ్రుతి చేసుకుంటోందన్నమాటే గాని, ఆమె చూపంతా ఖాళీ హాలు చివర సౌండ్ బోర్డు వెనక కూర్చున్న మనిషి మీదే ఉంది. ఆ మనిషి ఆమె భర్త. వేరే ట్రూపుతో ఊళ్ళు తిరగడానికి అతను ఒప్పుకున్నాడని బయటివాళ్ళు చెబితే తెలిసింది ఆమెకి. అడిగితే లోకువైపోతానని ఆమె అడగలేదు. అడక్కుండానే మొహం మాడ్చుకుందని అతను చెప్పలేదు. అప్పటినుంచీ ఇంట్లో ఉప్పు డబ్బా కావాలన్నా ఎవరి చెయ్యి వాళ్ళే చాపుకుంటున్నారు.

ఆమె కాళ్ళ ముందు పెడళ్ళు వరసగా ఉన్నాయి. ఒక్కోటి నొక్కితే బేస్ ఒక్కో గొంతుతో పలుకుతుంది. గొంతు మారాలి గాని మోత మారకూడదు. అన్నిటినీ ఆమె అలాగే సరిచూసి పెట్టుకుంది, ఆఖరిదాన్ని తప్ప. అది ఫజ్ పెడల్. నొక్కగానే బేస్ పొయ్యి మీద పాలలా పొంగిపోతుంది.

దాని మోత తిప్పే నాబ్ కాస్త తగ్గిస్తే సరిపోయేదే. కానీ తొలి ప్రోగ్రాంలో అది అలా పొంగినప్పుడు, ముక్కూ మొహం తెలియని సౌండ్ మనిషొకడు బోర్డు మీద ఆమె బేస్ మోత తగ్గించే స్లైడర్ టక్కున కిందికి లాగి పాటను కాపాడాడు. ఆ తర్వాత ఆమె అతన్నే పెళ్ళి చేసుకుంది. నాబ్ తగ్గించమని అతను ఏనాడూ అనలేదు. ఆమె తగ్గించలేదు. ఆమె నొక్కడం, అతను లాగడం. కాపురంలాగే అదీ అలవాటైపోయింది.

ఆ రోజు పొద్దున మాత్రం ఇంట్లో ఒక్కతే కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆ నాబ్ తగ్గించేసింది. ఇప్పుడు ఆ సంగతి తమ్ముడికి చెప్పింది.

"తగ్గించేశావా! బావకి చెప్పావా మరి?" మర తిప్పుతున్న తమ్ముడి చెయ్యి ఆగిపోయింది.

"లేదు."

"అలవాటు కొద్దీ లాగేస్తే? బేస్ మాయమైపోతుంది. ఆఖరి పాటంతా దానిమీదే కదా నడిచేది!"

"లాగితే పాట పోతుంది. లాగకపోతే మనిషి పోయినట్టు. ఇవాళ్టితో తేలిపోవాలి. లాగకపోతే ఇటునుంచి ఇటే మీ ఇంటికొచ్చేస్తా. బ్యాగు నీ కారులో పెట్టాను."

"మీ మొగుడూ పెళ్ళాల పందేనికి నా డ్రమ్ములు బలా?" నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

సౌండ్ టెస్టింగ్‌లో ఆమె ఆ ఒక్క పెడల్ మాత్రం నొక్కలేదు. నొక్కమని అతనూ అడగలేదు. అడగాలంటే మాట్లాడాలి కదా!

హాలు నిండింది. పాటలు సాగాయి. విరామంలో గాయని మైకు బరబరమంటోందని అతను స్టేజీ ఎక్కి, ఆమె పెడళ్ళ పక్కనే వంగి వైర్లు సర్దాడు. తెర చాటున నీళ్ళు తాగుతున్న ఆమె అతన్ని చూసి మొహం తిప్పుకుంది. అతను వచ్చినవాడు వచ్చినట్టే దిగిపోయాడు.

ఆఖరి పాట మొదలైంది.

ఆమె ముందున్న స్పీకరుకు కూడా బోర్డు నుంచే సౌండ్ వస్తుంది. అతను ఏం చేస్తే అదే జనానికీ, అదే ఆమెకీ. హాలు చివర అంతా చీకటి. అతని చేతులు కనబడటం లేదు. కాళ్ళకేసి చూడకుండానే పాదం ఫజ్ పెడల్ మీదికి జరిపింది.

లాగు, అనుకుంది. పాట పోతే పోయింది, లాగు.

నొక్కింది.

బేస్ గొంతు గరుకెక్కింది. మోత మాత్రం పొంగలేదు, కుంగలేదు. వెంట్రుకవాసి తేడా లేదు.

తమ్ముడు వాయిస్తూనే తలెత్తి అక్క వైపు చూశాడు. ఆమె వాడికేసి చూడలేదు. వేళ్ళ పని వేళ్ళు చేసుకుపోతున్నాయి. పాట ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదని కూడా తెలుస్తూనే ఉంది ఆమెకి, దాంతో ఇంకా ఒళ్ళు మండింది.

చప్పట్లు ఆగాయి. జనం కదిలారు. హాలు చివర అతను ఇటు చూడకుండా వైర్లు చుట్టుకుంటున్నాడు.

"అక్కా, తొందరపడకు. ఒక్కసారి అడిగి చూడు."

"అడిగేదేముంది? చెవులారా విన్నాను. మరదలికి ఫోన్ చెయ్యి, వస్తున్నామని."

తమ్ముడు ఫోన్ తీశాడు. ఆమె కింద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, ఒక్కో పెడల్ ఊడదీసి పెట్టెలో సర్దింది.

ఆఖరిదాన్ని చేతిలోకి తీసుకుంటే, పొద్దున తను కిందికి తిప్పిన నాబ్ మళ్ళీ పాత చోటికే, పైకి తిరిగి ఉంది.