నాయన బీరు

"గిది కాదు," అంటూ శంకరమ్మ గ్లాసును ముక్కు దగ్గరి నుంచి దించి గడప పక్కన పెట్టింది.

చంద్రశేఖర్ మొహం చిన్నబోయింది. పెత్రమాస దగ్గర పడుతోంది. ఆ రోజు పోయిన పెద్దలకు ఇష్టమైనవన్నీ ఫోటో ముందు పెట్టాలి. నాయన మల్లప్ప పోయాక వచ్చే మొదటి పెత్రమాస ఇదే. గారెలకు కొదవ లేదు, మటన్‌కు కొదవ లేదు. నాయన సంత రోజు తాండూరు నుంచి తువ్వాలలో చుట్టి తెచ్చుకునే ఎర్ర మూత బీరు మాత్రం ఎక్కడా దొరకడం లేదు. ఆ సరుకు ఇటువైపు రావడం లేదన్నారు. తాండూరు, పరిగి, వికారాబాద్, మూడు ఊళ్లలో వైన్ షాపులన్నీ తిరిగి వట్టి చేతులతో వచ్చాడు. వేరే బీరు పెడదామంటే తల్లి శంకరమ్మ ఒప్పుకోలేదు.

"పెడితె గదే పెట్టాలె. లేకుంటె నీళ్లు పెట్టు," అన్నది.

అందుకే తనే చేద్దామని కూర్చున్నాడు. తాండూరులో ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు అతనిది. చల్లగా పులియబెట్టే బీరుకు ఫ్రిజ్ కావాలి, అది ఉంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, చేదు పూలు, పులిపించే పొడి పార్సిల్‌లో తెప్పించాడు. ఫోన్‌లో చూసుకుంటూ ఉడికించాడు, వడకట్టాడు, చల్లార్చాడు. భార్య స్నేహలతకు ఇదేమీ నచ్చలేదు. ఎక్సైజు వాళ్లు వస్తే తాను తల్లిగారింటికి పోతానని, జీపు ఆయన ఒక్కడే ఎక్కాలని ముందే చెప్పేసింది.

"ఏం తక్కువైందే అమ్మా?" అన్నాడు చంద్రశేఖర్.

శంకరమ్మ మళ్లీ ఒకసారి వాసన చూసింది. "అరటిపండు వాసన కొడుతున్నది. గదైతె నాలుక మీద తేలికగ ఉంటది. కొసకు జర చేదు తగిలి, తగిలినట్టే పోతది."

"వాసన చూస్తెనే కొస చేదు ఎట్ల తెలుస్తదే?"

"మీ నాయన చెప్పెటోడు," అని ఆమె చేటలో బియ్యం అందుకుని రాళ్లు ఏరసాగింది.

ఎందుకైనా మంచిదని చంద్రశేఖర్ బిచ్చయ్యను పిలిచాడు. మల్లప్పతో కలిసి గొర్లు కాసిన మనిషి, రుచి తెలిసే ఉంటుందనుకున్నాడు. బిచ్చయ్య అరుగు మీద కూర్చుని పాత కోపమంతా వెళ్లగక్కాడు. ఊరంతా బీరు మల్లప్ప అని పిలిచేదే గానీ, తన ముందు ఒక్కసారి సీసా మూత తీయలేదట. సంత నుంచి వచ్చి బస్సు దిగడం ఆలస్యం, తువ్వాల చంకలో పెట్టుకుని ఇంటికి ఉరికేవాడట.

"దోస్తునని సుత ఒక్క గుక్క పొయ్యలే. మీ నాయన పిసినారి, ఏమనుకోకు," అన్నాడు. "కాని ఒకటి చెప్పాలె. ఏనాడూ తూలలే. మనిషంటె గట్ల ఉండాలె."

ఇక తల్లి మాటలే దారి. అరటిపండు వాసన వేడి వల్ల వస్తుందని ఫోన్‌లో తెలుసుకున్నాడు. బార్లీ ఉడికించి వడకట్టిన నీళ్లు గోరువెచ్చగా ఉండగానే పొడి కలిపేశాడు మొదటిసారి. ఈసారి బకెట్‌ను ముందే ఫ్రిజ్‌లో పెట్టి, బాగా చల్లబడ్డాకే కలిపాడు. నాలుక మీద తేలిక కావాలంటే నూకలు కలపాలని ఎక్కడో చదివి, గింజల్లో కొంత తగ్గించి ఇంట్లో నూకలు ఉడికించి పోశాడు. పూలు కాస్త ఎక్కువ వేశాడు. సజ్జ మీద ఉన్న నాయన బీరు ఖాళీ సీసాలు శంకరమ్మే దించి కడిగి ఇచ్చింది. రోజూ పొద్దున ఆమె ఫ్రిజ్ తలుపు తీసి చూసి పోవడం స్నేహలత గమనించి నవ్వింది.

"అత్తమ్మా, మామకంటె నీకే తొందరున్నది."

"పెద్దల పని బిడ్డా, తప్పు పోవద్దు," అన్నది శంకరమ్మ.

పెత్రమాస వచ్చింది. ఫోటో ముందు విస్తరి వేసి అన్నం, మటన్, గారెలు వడ్డించారు. పక్కన గ్లాసు పెట్టి చంద్రశేఖర్ సీసా మూత తీశాడు. బీరు బంగారు రంగులో నురగతో నిండింది. దండం పెట్టి, తలుపు దగ్గరికి వేసి అందరూ బయటికి వచ్చారు. కాసేపు అట్లా వదిలితే పెద్దలు వచ్చి తిని పోతారని ఆ ఇంటి నమ్మకం. పిలవకుండానే వచ్చిన బిచ్చయ్య ఈసారైనా ఒక గుక్క దక్కకపోతుందా అని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చంద్రశేఖర్ మాత్రం తలుపు వైపే చూస్తున్నాడు. కుదిరిందో లేదో చెప్పాల్సిన మనిషి ఇక చెప్పలేడు. అదే అతని బాధ.

దీపంలో నూనె పోసి వస్తానని శంకరమ్మ ఒకసారి లోపలికి పోయి వచ్చింది.

తలుపు తీశారు. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. గారె మీద చెయ్యి పడలేదు. గ్లాసు మాత్రం ఖాళీ. అంచున నురగ ఇంకా జారుతోంది.

బిచ్చయ్య తలగుడ్డ తీసి రెండు చేతులూ జోడించాడు. "వచ్చిండు. మల్లప్పే వచ్చిండు. సచ్చినంక సుత నాకు చుక్క ఉంచలే."

చంద్రశేఖర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాయనకు నచ్చిందే అమ్మా," అన్నాడు మెల్లగా.

శంకరమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"మంచిగనే కుదిరింది కొడుకా. మీ నాయనకైతె బీరు వాసనే పడకపోయేది. తెచ్చుడు ఆయన పని, తాగుడు నా పని."