సీతాబాయి మీద ఐదో ఫిర్యాదు

సీతాబాయి మీద నాలుగో ఫిర్యాదు వచ్చాక, ఆమెను ఎవరో పనిగట్టుకొని వేధిస్తున్నారని ఈశ్వరయ్యకు గట్టి అనుమానం కలిగింది.

ఈశ్వరయ్య మాదాపూర్‌లోని బాలల దుస్తుల భద్రతా విభాగంలో ఇన్‌స్పెక్టర్. ఆ విభాగం పుట్టి ఇంకా ఏడాది కాలేదు. పిల్లలు నడవడానికి ఫుట్‌పాత్ లేకపోయినా, పీల్చడానికి మంచి గాలి లేకపోయినా, వాళ్ల చొక్కా గుండీ ఊడి గొంతులో మాత్రం పడకూడదని ప్రభుత్వం గట్టిగా నిర్ణయించుకుంది.

సీతాబాయి లింగంపల్లి స్టేషన్ బయట పిల్లల పాత బట్టలు అమ్ముతుంది. గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లకు స్టీలు గిన్నెలు మోసుకెళ్లి, వాటికి బదులుగా పాత బట్టలు తెచ్చుకుంటుంది. ఒక్క పుట్టినరోజుకు తొడిగి పక్కన పడేసిన గౌన్లు, మడత కూడా విప్పకముందే పొట్టివైపోయిన ప్యాంట్లు.

కొత్త నిబంధన ప్రకారం అమ్మే ప్రతి బట్టకూ భద్రతా ధ్రువపత్రం ఉండాలి. సీతాబాయి మొదట్లో బుద్ధిగా మూడు గౌన్లు పట్టుకుని ల్యాబుకు వెళ్లింది. వాళ్లు ఒకదాన్ని ముక్కలుగా కోశారు. రెండోదాన్ని యాసిడ్‌లో నానబెట్టారు. మూడోదాన్ని కాల్చి చూశారు. మూడూ పిల్లలకు పూర్తిగా సురక్షితమని మూడు కాగితాలు చేతిలో పెట్టారు. ఒకే రకం గౌన్లు వేలకొద్దీ కుట్టే కంపెనీకి ఒకటి పోతే పోయేదేమీ లేదు. సీతాబాయి దగ్గర ఏ రెండు గౌన్లూ ఒకలా ఉండవు. అన్నిటికీ పరీక్షలు చేయిస్తే ఆమె ఇక కాగితాలే అమ్ముకోవాలి.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఫిర్యాదులు మొదలయ్యాయి. పేరు చెప్పని ఎవరో విభాగం యాప్‌లో, స్టేషన్ దగ్గర ఒకామె ప్రమాదకరమైన బట్టలు అమ్ముతోందని, వెంటనే చర్య తీసుకోవాలని రాసేవారు. ఒక్క రోజులో చర్య తీసుకోకపోతే ఈశ్వరయ్యకు మెమో వస్తుంది. అందుకని వెళ్లేవాడు. మూటలు కట్టించి ఆఫీసు బండిలోకి ఎక్కించేవాడు. సీతాబాయి నెత్తి కొట్టుకుంటూ ఏడ్చేది. ఏడుస్తూనే, బరువుగా ఉన్న మూటకు తనూ ఒక చెయ్యి వేసేది. ఇంత మంచి మనిషిని ఏడిపిస్తున్నందుకు ఈశ్వరయ్యకు ఆ పూట అన్నం సయించేది కాదు.

పట్టుబడ్డ బట్టలకు మాత్రం ల్యాబు బాధ లేదు. ప్రభుత్వం చేతికి వచ్చినవి కాబట్టి నిబంధన వాటిని నమ్ముతుంది. వేడినీళ్లలో ఉతికించి, మెడ దగ్గరి తాళ్లు పీకించి, వదులు గుండీలు గట్టిగా కుట్టించి, ఇన్‌స్పెక్టర్ సంతకంతో ‘సురక్షితం’ అన్న బిళ్ల తగిలిస్తే సరిపోతుంది. ఆ తర్వాత వాటిని పై అంతస్తులోని మహిళా ఉపాధి విభాగానికి పంపాలి. అక్కడి నుంచి అవి ఎటు పోతాయో తెలుసుకోవడం ఈశ్వరయ్య విధుల జాబితాలో లేదు.

ఈశ్వరయ్య అనుమానం బుల్లిబాబు మీదకు పోయింది. కాకినాడ నుంచి వచ్చి, సీతాబాయి కూర్చునే చోటికి ఎదురుగా పిల్లల రెడీమేడ్ దుకాణం పెట్టాడతను. పాత బట్టలు లేకపోతే జనం కొత్తవి కొంటారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలనుకుని ఈశ్వరయ్య నేరుగా దుకాణంలోకి వెళ్లి, పేదరాలి మీద ఫిర్యాదులు పెట్టి నోటికాడి కూడు లాక్కోవడానికి సిగ్గులేదా అని నిలదీశాడు.

బుల్లిబాబు తెల్లబోయాడు.

“నేనెందుకు పెడతానండీ? ఆవిడ దగ్గర ఆగి, సైజు కుదరనోళ్లే నా కొట్టుకొస్తారు. మీరు మూటలు పట్టుకుపోయిన రోజు నాకూ బోణీ ఉండదండి.”

కావాలంటే అమ్మకాల పుస్తకం చూసుకోమన్నాడు. అతను నిజమే చెబుతున్నాడని ఈశ్వరయ్యకు అనిపించింది. అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు.

గురువారం పొద్దున ఐదో ఫిర్యాదు వచ్చింది. అవే మాటలు, అదే తొందర. ఈశ్వరయ్య చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్క తప్పుడు నివేదిక కూడా రాయలేదతను. రాయమని పైవాళ్లే అడిగినా రాయలేదు, అందుకే ఇంకా ఇన్‌స్పెక్టర్‌గానే ఉన్నాడు. ఇవాళ మాత్రం ‘విచారించగా ఆ స్థలంలో దుకాణమేదీ కనిపించలేదు’ అని టైపు చేసి, ఫిర్యాదు మూసేశాడు. మనసు తేలికపడింది.

ఆ మంచి కబురు తనే చెప్పాలని మధ్యాహ్నం బస్సెక్కి లింగంపల్లి వెళ్లాడు. సీతాబాయి నాలుగు మూటలు కట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ కూర్చుని ఉంది.

“ఇగ నువ్వు ఫికర్ చెయ్యకు సీతమ్మా,” అన్నాడు పక్కన కూర్చుంటూ. “పొద్దుగాల నీ మీద ఇంకో కంప్లయింట్ వచ్చింది. దుకాణమే లేదని రాసి మూసేసిన. నా నౌకరీ పోయినా సరే, నీ బట్టల మీద ఇంక చెయ్యి వెయ్య.”

కాళ్లకు దండం పెట్టబోతుందేమోనని అతను ముందే పాదాలు వెనక్కు తీసుకున్నాడు. సీతాబాయి అతని పాదాల వైపు చూడనేలేదు.

“అంటే, ఇయ్యాల బండి రాదా సారూ?”

“రాదు.”

ఆమె పక్కనున్న మూట మీదకు వాలిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగుసార్లు చూసిన ఏడుపుకీ ఈ ఏడుపుకీ ఏదో తేడా ఉందని ఈశ్వరయ్యకు అనిపించింది. ఈసారి శబ్దం లేదు.

“ఐతారం నాడు గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ల మా మహిళా సంఘం స్టాల్ ఉన్నది,” అంది మెల్లగా. “మీ సంతకం బిళ్ల లేనిది ఆ అమ్మలు ఒక్క గౌను గూడ ముట్టరు. మీ పై అంతస్తుల మేడం బట్టలిచ్చేది మా సంఘానికే.”

ఈశ్వరయ్య అర్థం కానట్టు చూశాడు. సీతాబాయి కొంగుతో కళ్లు తుడుచుకుని, ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా విడమరిచి చెప్పాలా అన్నట్టు నిట్టూర్చింది.

“నేను పెట్టిన కంప్లయింట్‌ను నన్నడగకుండ ఎట్ల మూసేసిన్రు సారూ?”