తాళం వేసిన గది

చర్ల అవతల అడవి ఊళ్లో నర్సు సోని ఆ రాత్రి కోపంతో ఊగిపోయింది. పట్నంలో వాడిన ఆక్సిజన్ మిషన్లను బాగుచేయించి, పేదలకు ఇమ్మని దాతలు పంపి మూడు నెలలైంది. అవి దవాఖానా వెనక గదిలో తాళం కిందే ఉన్నాయి. ఇవతల మంచం మీద రాందాస్ తాతకు ఊపిరాడటం లేదు.

"పెద్దోళ్లొచ్చి రిబ్బన్ కోయకుండా తాళం తియ్యొద్దమ్మా," అన్నాడు ఫోన్‌లో ఆఫీసరు సారు.

"అందాక ఊపిరి ఆపుకొమ్మని చెప్పాల్నా సార్? ఈ మూన్నెళ్లల్ల ఊపిరాడక పోయినోళ్లు చాలరా?"

ఫోన్ పెట్టేసి, బండరాయితో తాళం పగలగొట్టింది.

లోపల చీకట్లో ఒక మిషన్ గుర్రుమంటూ నడుస్తోంది. ఫోన్ లైటు వేసి చూసింది. దాని వైరు చుట్ట కూడా విప్పలేదు. మాస్కు లోపల మాత్రం ఆవిరి పడుతోంది, ఆరుతోంది, మళ్లీ పడుతోంది.

సోని ఒక అడుగు వెనక్కేసింది. కోపం మాత్రం వెనక్కి తగ్గలేదు.

"నువ్వెవరో గాని, నీకు అన్యాలమే జరిగింది. అవ్, నాకెరికే. గానీ తాత ఇంక బతికే ఉన్నడు. ఇటియ్యి!"

మిషన్ ఆగింది. మాస్కు మెల్లగా గాల్లోకి లేచి ఆమె చేతిదాకా వచ్చింది. వెచ్చగా ఉంది.

దాన్ని అందుకుని, మిషన్‌ను కూడా లాక్కుంటూ వెనుదిరిగింది.

వెనకాల రెండో మిషన్ గుర్రుమంది.