తాళం తీసినవాడు

"ఏదీ ముట్టుకోకండి దాదా! ముందు ఆ కంప్యూటర్‌కి ఉన్న నెట్ తీగ పీకెయ్యండి."

దీపాయన్ అరుపుకి ఫోన్‌లో అవతల ఏదో కుర్చీ కిందపడిన చప్పుడైంది.

"పీకేశాను నాయనా! ఫ్యాన్ కూడా ఆగిపోయింది!" అన్నాడు నలినాక్ష సమద్దార్.

"ఫ్యాన్ తీగ మళ్లీ పెట్టుకోండి."

సమద్దార్ బాబు పత్రిక చిన్నది, హడావిడి పెద్దది. దుర్గాపూజ సంచిక అచ్చుకి వెళ్లాల్సిన వారంలో అతని కంప్యూటర్‌లోని ఫైళ్లన్నిటికీ ఒక్కసారిగా తోకలు మొలిచాయి. కథలు, కవితలు, తలనూనె ప్రకటనలు... ప్రతి పేరు చివరా చుక్క, దాని పక్కన 'తాలా' అని కొత్త మాట, బెంగాలీలో తాళమని. ఏది నొక్కినా తెరుచుకోదు.

"మా అదృష్టం బాగుండి మీ నంబరు కళ్లముందే కనబడింది. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి మరీ మీ ఫీజు కట్టాను. ఇక నీదే భారం."

"కంగారు పడకండి. నేనున్నానుగా. మేం పంపిన తాళంచెవి ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో ఉందా?"

"ఉంది."

"ఆగండి, అప్పుడే పెట్టకండి. ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేయండి. ఏ ప్రయోగమైనా కాపీల మీదే. అసలువి పాడైతే దేవుడు కూడా తేలేడు. ఈలోపు మీరెవరైనా వాటిని కెలికారా?"

సమద్దార్ బాబు గొంతు తగ్గించాడు.

"మా ప్రూఫ్‌రీడర్ హరాధన్... అది అచ్చుతప్పనుకుని ఆ తోకలన్నీ కత్తిరించాడు."

"తలుపు మీద పేరుపలక మారిస్తే లోపలి తాళం ఊడుతుందా దాదా?"

"ఏం చెయ్యను? తప్పు కనబడితే వాడి చెయ్యి ఆగదు. ఒకసారి కవిగారి పేరులోనే దీర్ఘం తీసేశాడు."

"అది తప్పే కాబట్టి తీశాను!" వెనకనుంచి ముసలి గొంతొకటి గయ్యిమంది.

"కాపీల్లో తోకలన్నీ మళ్లీ అతికించమనండి," అన్నాడు దీపాయన్ నవ్వాపుకుంటూ. "ఇంకేమైనా చేశారా?"

"మా బావమరిది నెట్‌లో వెతికి, ఏదో ఉచితంగా తాళాలు తీసే ప్రోగ్రాం ఒకటి దింపాడు..."

"తీసెయ్యండి! ఊరికే వచ్చేవాటిని ఎలా నమ్ముతారు దాదా? అలాంటివి పెట్టేవాళ్లంతా దొంగలు."

సమద్దార్ బాబు బావమరిదిని అక్కడికక్కడే తిట్టిన తిట్లు కలకత్తా సాల్ట్‌లేక్‌లో ఉన్న దీపాయన్ చెవులకు స్పష్టంగా చేరాయి.

కాపీలయ్యాయి. తోకలు అతికాయి. ముందు తలనూనె ప్రకటన మీద తాళంచెవి పెట్టించాడు. బారెడు జుట్టుతో ఒకావిడ తెరమీద ప్రత్యక్షమైంది. అటుపక్క చప్పట్లు మోగాయి. ఆ తర్వాత కవితలు తెరుచుకున్నాయి. కథలు తెరుచుకున్నాయి.

నవల తెరుచుకోలేదు.

"నాయనా, అది ఇందుప్రభా లాహిరి నవల," అన్నాడు సమద్దార్ బాబు. "ఆవిడకి చూపు పోయింది. ఏడాదిపాటు నోటితో చెబుతుంటే రాయించాం. ఇంకో కాపీ లేదు. ఆవిడ మొహం నేనెలా చూడను?"

దీపాయన్ కుర్చీలో ముందుకి జరిగాడు. ఇందుప్రభ నవలలంటే వాళ్లమ్మకు ప్రాణం. పొయ్యిమీద చేపల పులుసు మాడినా పుస్తకం దించేది కాదు.

పక్క ఫోన్‌లో అంతా వింటున్న మౌటుసి దీదీ వచ్చి, అవతలికి వినబడకుండా అతని ఫోన్ గొంతు నొక్కింది. ఆఫీసుకి ఆవిడే పెద్ద.

"దీపూ, ఫీజు పుచ్చుకుని కూడా తెరవలేకపోయారన్న మాట బయటికి పొక్కిందా, రేపట్నుంచి మనకి ఒక్కడూ కట్టడు. ఈ వ్యాపారమంతా నమ్మకం మీద నడుస్తోంది. ఏం చేస్తావో చెయ్యి."

దీపాయన్ మళ్లీ ఫోన్ అందుకున్నాడు. "దాదా, హరాధన్ బాబుని పిలవండి. బాబూ, మీరు కత్తిరించకముందు ఈ నవల పేరు చివర ఏముండేదో గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? 'తాలా' అని రెండుసార్లు ఉండేది. ఒకే మాట పక్కపక్కన రెండుసార్లు పడితే అచ్చుతప్పు కాదా? అందుకే అతికించేటప్పుడు ఒక్కటే పెట్టాను."

దీపాయన్ నెత్తి కొట్టుకున్నాడు. "అచ్చుతప్పు కాదు బాబూ. దీనికి రెండు తాళాలు పడ్డాయి. రెండో తోక కూడా పెట్టి, చెవి రెండుసార్లు తిప్పండి."

ఒకసారి తిప్పారు. ఒక తోక ఊడింది. రెండోసారి తిప్పారు.

తర్వాత సమద్దార్ బాబు పైకి చదవడం వినబడింది. "ఆ ఏడు పెళ్లికొడుకు కంటే వరదే ముందొచ్చింది..." అంతవరకే చదవగలిగాడు. ఆపైన ఏడుపు.

దీపాయన్ కళ్లు కూడా చెమర్చాయి.

"ఇకమీదట వారం వారం ఒక కాపీ తీసి విడిగా దాచుకోండి దాదా. ముక్కూమొహం తెలియనివాళ్ల ఉత్తరాలు తెరవకండి."

"నీలాంటి నిజాయితీపరుడు ఈ రోజుల్లో ఎక్కడున్నాడు నాయనా! సంచిక మొదటి పేజీలో నీ పేరు వేసి కృతజ్ఞతలు చెబుతాను."

"అయ్యో, పేరెందుకు దాదా? మా పని మేం చేశాం."

ఫోన్ పెట్టేసి వెనక్కి వాలాడు. మౌటుసి దీదీ మట్టిముంతలో టీ తెచ్చి అతని ముందు పెట్టింది.

"మొన్న ఆ సమద్దార్ కంప్యూటర్‌లోకి దూరి తాళాలేసినప్పుడే కాస్త ఒళ్లు దగ్గరపెట్టుకుని, నవలక్కూడా ఒక్కసారే వేసి చచ్చుంటే మనకి ఈ తిప్పలుండేవి కావు కదరా!"