తుంగ కోసిన రోజు

"సార్, ఆయన మళ్ళీ దిగాడు!" అన్నాడు వాచ్‌మన్.

ఇంజనీరు టీ గ్లాసు పక్కన పెట్టి కిటికీలోంచి చూశాడు.

కొత్త షాపింగ్ కాంప్లెక్సు వెనుక, పల్లపు మూలన, మనిషెత్తు పెరిగిన తుంగలో ఒక తెల్లజుట్టు తల కదులుతోంది.

వానలు మొదలైనప్పటినుంచీ ఇదే వరస. చిన్న జల్లు పడితే చాలు, ఆ పెద్దాయన ఎక్కడినుంచో ఊడిపడతాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి వాననీటి కాలువలోకి దిగుతాడు. చివర తూముకున్న ఇనప జాలీకి పట్టిన చెత్తంతా చేతులతో తీసి ఒడ్డున పోస్తాడు. పిలిచినవాడు లేడు, పొమ్మంటే పోడు!

ఇంజనీరు బయటికి వెళ్ళాడు.

"ఏం పెద్దాయనా, మా సైట్లో మీకేం పని?"

"పనేం లేదు బాబూ. జాలీ పూడితే నీళ్ళు గోడ దాటి కింద సందులో ఇళ్ళమీద పడతాయి. ఓసారి చూసిపోదామని."

"అది చూసుకోడానికే నాకు జీతమిస్తున్నారు."

"నిజమే బాబూ. ఒక్క మాట చెప్పి పోతాను. ఈ తుంగ మాత్రం కోయించకండి. ఎగువనుంచి ఉరికొచ్చే నీళ్ళని నిలేసేది ఇదే."

సందులో ఇల్లుండి ఉంటుంది, అందుకే ఇంత ఆరాటం అనుకున్నాడు ఇంజనీరు. ఎవరి గోల వాళ్ళది.

అతని గోల అతనికీ ఉంది. శుక్రవారమే ఓపెనింగు.

"వెనకాల ఆ అడవేంటయ్యా?" అని ఓనరు ఫోన్లో కేకలేశాడు. "వచ్చినవాళ్ళు నవ్విపోరూ? గురువారానికల్లా అద్దంలా ఉండాలి. లేదంటే నువ్వుండవు."

మొదటి ఉద్యోగం. ఇంట్లో భార్యకి నెలలు నిండాయి.

ఆ మూలన గడ్డి కదపకూడదని ప్లానులో రాసే ఉంది. ఇంజనీరు అది చదివాడు కూడా. చదివి, ప్లాను మడిచి సొరుగులో పెట్టాడు.

బుధవారం తుంగంతా కోయించాడు. కోసినవాళ్ళు మోయడానికి బద్ధకించి గడ్డిని కాలువలోకే తోసేశారు. పైకి మాత్రం అద్దంలానే ఉంది.

సాయంత్రం గేటు దగ్గర పెద్దాయన ఎదురయ్యాడు.

"కోసిందేదో కోశారు. కాలువలో పడ్డ గడ్డైనా తీయించండి బాబూ. రేపు పెద్ద వానంటున్నారు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగాడు.

ఇంజనీరుకి ఒళ్ళు మండింది. వాచ్‌మన్ మీద విరుచుకుపడ్డాడు.

"ఈయన్ని ఇంకోసారి లోపలికి రానిచ్చావో, నీ ఉద్యోగం ఊడుతుంది!"

గురువారం మధ్యాహ్నం ఆకాశానికి చిల్లు పడింది.

ఇంజనీరు ముందువైపు తడుస్తున్న కుర్చీలు లోపలికి తీయిస్తుండగా వాచ్‌మన్ రొప్పుతూ వచ్చాడు.

"సార్, కాలువ పొంగుతోంది! పెద్దాయన గోడ దూకి దిగేశాడు. నేను చూసీ ఆపలేదు సార్. తీసేస్తే తీసేయండి."

ఇద్దరూ పరుగెత్తారు.

నీళ్ళు ఆయన ఛాతీదాకా ఉన్నాయి. జాలీకి అడ్డంపడ్డ గడ్డిని చేతికందినంత లాగి ఒడ్డుకి విసురుతున్నాడు.

"వచ్చేయండి! పైకి వచ్చేయండి!" అని అరిచాడు ఇంజనీరు.

"ఇంకొంచెమే బాబూ! సందులో పిల్లలున్నారు!"

జాలీ చట్రంతో సహా ఊడింది. గోడ అంచుదాకా ఎక్కిన నీళ్ళు ఒక్కసారిగా తూములోకి దిగిపోయాయి. ఆయన్నీ తీసుకుపోయాయి.

ఆ రోజు సందులో ఒక్క గడపలోకీ నీళ్ళు రాలేదు.

మర్నాడు ఆసుపత్రి మార్చురీ వరండాలో, బల్లమీద ఆయన భార్య ఒక్కతే కూర్చుని ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా ఇంజనీరు వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా. తుంగ కోయించింది నేనే. ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పారు. నేనే వినలేదు."

ఏడుపు ఆగలేదు అతనికి. ఆమె తిట్టలేదు. పక్కన చోటు చూపించింది.

కాసేపటికి అడిగాడు. "సందులో మీ ఇల్లెక్కడమ్మా? నేను దింపుతాను."

"మా ఇల్లు అక్కడ కాదు బాబూ. ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారి వచ్చేవారు."

"మరి సందులో మీవాళ్ళు..."

"ఎవరూ లేరు. పదకొండేళ్ళ కిందట ఆ సందు మునిగి ఒక పసిపిల్ల పోయింది. అప్పట్నుంచీ మబ్బు పడితే చాలు, ఆయన ఇంట్లో నిలవలేకపోయేవారు."

"ఆ పాప మీకేమవుతుందమ్మా?"

"ఏమీ కాదు బాబూ," అందామె. "అప్పట్లో ఎగువన కట్టిన పెద్ద బిల్డింగు ఓపెనింగుకి, చూడ్డానికి బావుండాలని అక్కడి తుంగంతా కోయించిన ఇంజనీరు ఆయనే."