తొమ్మిదో నంబరు

"ఈ జ్యూరీ పని నుంచి సెలవిప్పించండి జడ్జి గారూ, మా ఆవు నేడో రేపో ఈనేలా ఉంది," అన్నాడు వెనక వరసలోని రైతు.

"పోయినసారి పిలిచినప్పుడూ ఇదే ఆవు కదయ్యా ఈనింది?"

కోర్టు హాలంతా నవ్వింది. వెర్లీన్ మాత్రం నవ్వలేదు. ముందు బల్ల దగ్గర ఆమె కొడుకు లైల్, అరువు కోటులో తల వంచుకుని కూర్చున్నాడు. ఒక గురువారం సాయంత్రం దాణా కొట్టు కాపలాదారును కొట్టి చంపాడని నేరం మోపారు. రుజువైతే బతుకంతా జైల్లోనే. అతనికున్న దిక్కల్లా తల్లి సాక్ష్యం: ఆ గురువారం సాయంత్రం ఆరింటికి లైల్ తన వంటింట్లో చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె తింటున్నాడని.

ముప్పై ఏళ్లు చర్చిలో ఆదివారం బడి నడిపింది వెర్లీన్. ఏ పిల్లలు నిజం చెబుతున్నారో మొహం చూసి పట్టేస్తుందని పేరు. అందుకే, తీర్పు చెప్పే జ్యూరీని ఊరివాళ్లలోంచి ఎంచుకునే ఈ రోజు లాయరు హార్గిస్ ఆమెను తన వెనకే కూర్చోబెట్టుకున్నాడు. కారణం చెప్పకుండా జాబితాలోంచి కొన్ని పేర్లు కొట్టేసే హక్కు లాయరుకుంది; పొద్దుటి నుంచీ ఆమె చెప్పిన పేర్లే కొట్టేస్తున్నాడు.

హార్గిస్ లేచి జ్యూరీ వరసల ముందు నిలబడ్డాడు.

"ఆ మంగళవారం సంగతి మీలో ఎవరైనా పేపర్లో చదివారా?"

నాలుగో నంబరు కుర్చీలోని మనిషి ఆవలించాడు. మిగతావాళ్లు అడ్డంగా తలలూపారు. తొమ్మిదో నంబరు చెయ్యెత్తింది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఓపల్ స్టిడమ్.

"నేను చదివానండి. కానీ మంగళవారం కాదు. పొద్దున జడ్జి గారు గురువారం అన్నారు."

"చదివినదాన్నిబట్టి ఒక నిర్ణయానికి వచ్చేశారా?"

"అదేం మాట? సాక్షులు నోరు విప్పకుండానే నేనెలా తేల్చుకుంటాను?"

హార్గిస్ మొహం వెలిగిపోయింది. వెనక్కి వచ్చి వెర్లీన్ వైపు వంగాడు.

"కావాలనే రోజు తప్పు చెప్పానమ్మా. ఎవరు వింటున్నారో చూద్దామని. ఇంతమందిలో పట్టుకున్నది ఆవిడొక్కతే! మనకింక ఒక్క పేరే కొట్టేసే వీలుంది. ఆ ఆవలింతల మహారాజును పంపించేద్దాం."

"వద్దు. ఆవిణ్ణి తీసేయండి."

"ఎవర్ని? తొమ్మిదో నంబరునా?"

"ఆవిడ అబద్ధమాడింది." వెర్లీన్ చేతిలోని రుమాలు పీలికలవుతోంది. "సాక్షుల పేర్లు చదివినప్పుడు నేనెవరో తెలియనట్టు కూర్చుంది. ఆవిడకి నేను బాగా తెలుసు. చర్చి విందులో ఇద్దరం మాటామాటా అనుకున్నాం."

"అయితే జడ్జి గారితోనే చెబుదాం."

"పాపం పెద్దావిడ, నలుగురిలో ఆవిడ పరువు తీయకండి. ఊరికే కొట్టేయండి, చాలు." ఆమె ఇంకా ముందుకు వంగింది. "నాకు వాడొక్కడే లాయరు గారూ. మీ కాళ్లు పట్టుకుంటాను."

హార్గిస్ ఆమె కళ్లలోకి చూశాడు. నిద్రలేక ఎర్రబడ్డ కళ్లు. నిట్టూర్చి, కాగితం మీద తొమ్మిదో నంబరు కొట్టేశాడు.

ఓపల్ తన చేతిసంచి తీసుకుని బయటికి నడుస్తూ వెర్లీన్ దగ్గర ఆగింది.

"మీరెవరో నాకు తెలీదు గానీ, ఆ అబ్బాయి తల్లిలా ఉన్నారు," అంది మెల్లగా. "నన్ను ఉంచి ఉంటే మీ ప్రతి మాటా శ్రద్ధగా వినేదాన్నమ్మా."

వెర్లీన్ తలెత్తలేదు. ఆ అడుగులు తలుపు దాటేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. జ్యూరీ వరసలో నాలుగో నంబరు మళ్లీ ఆవలించాడు. అప్పుడు గానీ ఆమె గుండె కుదుటపడలేదు.

ఆ గురువారం సాయంత్రం లైల్ భోజనానికి ఇంటికి రాలేదు.