ఐదో మాట

బాలప్పకంటే పొడుగు ప్రార్థన చేసేవాడు అనంతపురం జిల్లాలోనే లేడు.

ఈ మాట ఊరు అన్నది కాదు. బాలప్పే అన్నాడు.

"నేను కండ్లు మూసుకున్నప్పుడు కోడి గుడ్డు పెడితే, ఆమెన్ అనేసరికి అది పుంజై కూస్తాంటాది" అని చెప్పుకుంటాడు.

"కూర చల్లారి, మళ్ళీ కాగబెట్టి, మళ్ళీ చల్లారేది కూడా చెప్పు" అంటుంది పెండ్లాం భద్రమ్మ.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆ పొద్దు చర్చిలో ఏడుగురు లేచి, ఏసయ్య సిలువ మీద పలికిన ఏడు మాటల్లో తలా ఒకటి వివరించాల. బాలప్పకు ఐదోది పడింది. 'దప్పిగొనుచున్నాను' అనే దప్పిక మాట.

పదహారు పేజీలు రాసినాడు.

అంత రాసింది సంఘం కోసం కాదు, కొడుకు ఉదయ్ కుమార్ కోసం. వాడు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుడతాడు. చర్చి గడప తొక్కి మూడేండ్లయింది.

"నాయనా, ఈసారి నీ మాట వినేకి వస్తా" అన్నాడు బస్సు దిగుతూనే. "నా మనసుకు పట్టకపోతే మాత్రం ఇంకెప్పుడూ రమ్మనకూడదు. ఒప్పుకుంటావా?"

"నా మాటకు రాళ్ళు కరుగుతాయిరా!"

"రాళ్ళకు వేరే పని లేదులే నాయనా."

శుక్రవారం ఎండ అప్పుడే చురుక్కుమంటాంది. బాలప్ప వసారాలో నిలబడి, కండ్లు మూసుకొని, కడాసారిగా వల్లె వేసుకుంటాండాడు.

"దప్పిక! ఎంతటి దప్పిక! నాలుక అంగిట్లో అతుక్కునే దప్పిక!"

"అన్నా, గుక్కెడు నీళ్ళిస్తావా?"

బాలప్ప ఒక కన్ను తెరిచినాడు. తలకు టవాలు, నుదుట విభూతి, కాళ్ళనిండా దుమ్ము. ఎవరో దావన పోయే మనిషి.

"కూర్చో అప్పా. ఆమెన్ అనేదాకా ఆగు."

ఆ కన్ను కూడా మూసుకున్నాడు.

ఆమెన్ అనేసరికి వసారాలో ఎవరూ లేరు.

తల తుడుచుకుంటా ఉదయ్ బయటికొచ్చినాడు. "ఎవరో పిలిచినట్టుండె?"

"ఎవరో నీళ్ళడిగినాడు."

"ఇచ్చినావా?"

బాలప్ప కాగితాలు సర్దుకున్నాడు.

"ఈ పొద్దు నువ్వు చెప్పేది దేన్ని గురించి నాయనా?"

బాలప్ప వంగి చెప్పులు వెతుక్కున్నాడు.

"వస్తాలే, మాటిచ్చినా గదా" అని ఉదయ్ చొక్కా తొడుక్కున్నాడు. వాడు వచ్చేది ఇంక ఇచ్చిన మాట నిలుపుకునేకేనని బాలప్పకు అర్థమైంది.

చర్చిలో నాలుగు మాటలు అయిపోయినాయి. రేకుల కింద జనం ఉడికిపోతాండారు. బాలప్ప లేచేది చూసి, తెలిసినవాళ్ళంతా గోడలకు ఆనుకొని కునుకుకు సిద్ధమైనారు. ఆరో మాట చెప్పాల్సిన ఓబిలేష్ అయితే, ఇంకా గంట టైముందిలే అని బయటికే పోయినాడు.

బాలప్ప కాగితాలు తీసినాడు. వెనక వరసలో, తలుపు పక్కన కొడుకు కనపడినాడు.

కాగితాలు మడిచి జోబిలో పెట్టుకున్నాడు.

"పొద్దున ఒక మనిషి మా ఇంటికొచ్చి నీళ్ళడిగినాడు. నేను దప్పిక మీద ప్రసంగం వల్లె వేసుకుంటా, ఆయప్పను ఆగమన్నా. ఆయప్ప ఆగలేక పోయినాడు. పదహారు పేజీలు రాసినోణ్ణి, కడవలో ఒక్క గ్లాసు ముంచలేకపోయినా. ఇచ్చినావా అని నా కొడుకు అడిగినాడు. వాడడిగిందే ఈ పొద్దు ప్రసంగం. ఆమెన్."

నిమిషం కూడా పట్టలేదు.

పాస్టరు వాచీ ఆగిపోయిందేమోనని చెవికి ఆనించుకున్నాడు.

"ఆమెన్!"

వెనక వరస నుంచి, రేకులు అదిరేటట్టు, ఉదయ్ గొంతు. ఆ వెనకే చర్చి చర్చంతా.

బాలప్ప బతుకులో అంత గెలుపు ఎప్పుడూ లేదు.

ఆరాధన ముగిసింది. బయట సిమెంటు తొట్టి నిండుగా ఉండాది. బోర్లు ఎండిపోయిన ఆ ఊర్లో, ఏటా గుడ్ ఫ్రైడే పొద్దు ఎవరో ఒక ట్యాంకరు నీళ్ళు పంపుతారు. అందరూ ఉపవాసం విడిచేది వాటితోనే. ఎవరప్పా అని అడిగితే, చెప్పొద్దన్నారంటాడు డ్రైవరు.

ఈసారి చర్చి ఊడ్చే లక్ష్మక్కకు సంగతి తెలిసింది.

"డ్రైవరు రాలేదంట, నీళ్ళు పంపే ఆసామే ట్రాక్టరు తోలుకొచ్చినాడు. తిమ్మన్నంట పేరు. యాడికి టౌను అవతల ఊరంట. ఆరు బోర్లు ఎండిపోయి, ఏడోది గుడ్ ఫ్రైడే పొద్దు పడిందంట. పదకొండేండ్లుగా ఆ పొద్దు నీళ్ళు ముందు ఏసయ్య గుడికే."

"మంచోడు" అన్నాడు బాలప్ప గ్లాసు ముంచుకుంటా.

"పాపం, నోరెండిపోయి ఉండె. తాగప్పా అంటే తాగడే! 'దేవునికి తెచ్చిన నీళ్ళు తల్లీ, మీకంటే ముందు నేను తాగితే ఎంగిలైతాయి' అన్నాడు. సందు మొగదల బండి ఆపి, ఎవరింట్లోనో అడిగినాడంట. ఆడ ప్రార్థన జరుగుతాంటే, దేవుని పని చెడగొట్టకూడదని లేచొచ్చేసినాడంట."

బాలప్ప గ్లాసు నోటిదాకా పోయి ఆగింది.

"ఎక్కు నాయనా" అన్నాడు ఉదయ్, ఓబిలేష్ మోటర్ సైకిల్ అడిగి తెచ్చి స్టార్ట్ చేసి.

భద్రమ్మ చెంబు నింపి ఇచ్చింది. బాలప్ప దాని మూతికి అరచెయ్యి అడ్డం పెట్టుకొని వెనక కూర్చున్నాడు. యాడికి అవతల ఊరూరా విచారించి, నాలుగో ఊర్లో తిమ్మన్నను పట్టుకున్నారు. ఆయప్ప నవ్వి, చెంబెత్తి గడగడా తాగేసినాడు.

దొరికినాడు, తాగినాడన్నది మాత్రం నేను కల్పించింది. ఆయప్ప దొరకలేదు. తండ్రీ కొడుకులు నాలుగూర్లు తిరిగి, దావ పొడుగునా మాట్లాడుకుంటా, పొద్దు గూకేసరికి ఇంటికొచ్చినారు.

బండి ఆపినాక కూడా ఆ మాటలు ఆగలేదు. అది నిజం.